జూదమూ – నేర్పూ

పేకాటను గురించి మనలో తరతరాలుగా ఒకే నీతి చలామణీలో ఉన్నది. అది సప్తవ్యసనాలలో ఒకటి, కనక చెడ్డది. ఈ నీతిని బోధించే పెద్దలలో సగం మంది సంక్రాంతికి తెల్లవార్లూ పేక ముందేసుకుని కూర్చునేవాళ్ళే. అందుచేత కుర్రవాళ్ళు దాన్ని లక్ష్యపెట్టరు, లక్ష్యపెట్టకపోవడంలో వాళ్ళ తప్పూ లేదు. అయితే గత ఇరవై ఏళ్ళలో దీనికి పోటీగా మరొక నీతి బయలుదేరింది. అదృష్టం మీద ఆడేది జూదమూ, నేర్పు మీద ఆడేది క్రీడా అని ఈ కొత్త నీతి చెబుతుంది. ఇది పాత నీతికన్న తెలివైనది, ఆధునికమైనది. చదువుకున్నవాడి చేత సులభంగా ఔననిపించుకుంటుంది. నాకు మొదటిదానికన్న రెండోదే ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తున్నది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

జీడిమెట్ల పారిశ్రామికవాడ అంచున, షాపూర్‌నగర్‌లో, మేము కొందరం రెండు వారాలకొకసారి కూర్చుని చదువుకుంటాం. విద్యార్థులు వస్తారు, ఉపాధ్యాయులు వస్తారు, షిఫ్టు కలిసివస్తే కార్మికులూ వస్తారు. అక్కడ ఒక ఇంజనీరింగు విద్యార్థి నన్ను సూటిగానే అడిగాడు: "మాస్టారూ, కళ్ళు మూసుకుని ఆడేవాణ్ణి మీరు ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు. నేను పోకరు చదివి ఆడాను. లెక్కలు నేర్చుకున్నాను, కోపం అణచుకోవడం నేర్చుకున్నాను. నేర్పు పెంచుకోమనే గదా మీరు మాకు రోజూ చెప్పేది? అది ఈ ఒక్కచోట తప్పెట్లా అవుతుంది?"

ఈ ప్రశ్నకు "జూదం చెడ్డది నాయనా" అని జవాబు చెప్పేవాడు ఉపాధ్యాయుడు కాడు. కుర్రవాడు అడిగినది జూదం గురించి కాదు, నేర్పు గురించి. నేర్పుకు దానంతట అదే విలువ ఉన్నదా, లేక అది దేనికి ఉపయోగపడితే దాని విలువే దానికి వస్తుందా అన్నది ప్రశ్న.

ఈ తగాదా మన ఊళ్ళోనే కోర్టుకెక్కిందని చాలామందికి తెలియదు. 1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అయిదుగురు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కిట్టీ సొమ్ము క్లబ్బు కోశాధికారి దగ్గర ఉన్నది. నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం, అంటే ఫసలీ 1305 నాటిది, దాని కింద మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పాడు. మూడుముక్కలాట కేవలం అదృష్టం. రమ్మీ అట్లా కాదు, ఏ ముక్క పడిపోయిందో గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదిలెయ్యాలో ఆలోచించాలి, కాబట్టి అందులో నేర్పుదే పైచేయి. ఆ తరవాత అరవై ఏళ్ళ పాటు దేశంలో డబ్బాటల వ్యాపారమంతా ఈ ఒక్క తీర్పును ధర్మశాస్త్రంలాగా వల్లించింది. పోకరువాళ్ళు కూడా దీని కిందికే దూరాలని చూశారు. తీర్పులో మరో వాక్యం ఉన్నది. దాన్ని గురించి తరవాత చెబుతాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడ ఉన్నది.

ముందు నేర్పు సంగతి తేల్చుకుందాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. పోకరులో ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా మధ్యలో తెరుస్తారు. మధ్య మధ్య పందేలు. ఆ మూసిన రెండు ముక్కలూ 1,326 రకాలుగా రావచ్చు. కొత్తవాడికి ప్రతి జతలోనూ ఏదో ఒక ఆశ కనిపిస్తుంది, ప్రతి ఆటలోనూ డబ్బు వేస్తాడు. అందుకే ఆటగాడు నేర్చుకునే మొట్టమొదటి పాఠం ఆడకుండా ఉండడం. బల్ల చుట్టూ మనుషులు నిండుగా ఉన్నప్పుడు నాలుగింట మూడు వంతుల సార్లు అతను ముక్కలు పారేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఇది నిజంగా నిగ్రహమే.

రెండో పాఠం లెక్క. చేతిలో రెండు ఆఠీన్లున్నాయి, మధ్యలో తెరిచిన మూడు ముక్కలలో రెండు ఆఠీన్లున్నాయి. ఇంకొక్కటి పడితే గెలుపు. కనిపించని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9. అంటే మరుసటి ముక్కలో అది వచ్చే అవకాశం నూటికి 19. మధ్యలో 100 రూపాయలున్నాయి, అవతలివాడు 50 వేశాడు. మనం 50 వేస్తే గెలిచేది 150. అంటే నూటికి 25 సార్లు గెలిస్తేగాని ఆ 50 వెయ్యడం గిట్టుబాటు కాదు. తరవాత రాబోయే పందేల సంగతి పక్కన పెడితే, 19 అనేది 25 కన్న తక్కువ గనక పారెయ్యాలి. కొత్తవాడు "వస్తుందేమో" అంటాడు. నేర్చినవాడు "ఎన్నిసార్లు వస్తుంది?" అంటాడు. ఈ రెండు మాటల మధ్య దూరం చిన్నది కాదు. మానవజాతి సంభావ్యతా శాస్త్రాన్ని సంపాదించుకున్నదే ఈ దారిన. 1654లో పాస్కలూ ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నది మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎట్లా పంచాలన్న ప్రశ్న మీద. 1928లో వాన్ నాయ్‌మన్ రాసిన ఆటల సిద్ధాంతం కూడా ఈ రకమైన ఆటలతోనే మొదలయింది. పోకరులో అప్పుడప్పుడు అబద్ధం ఆడడం, చేతిలో ఏమీ లేకుండా పెద్ద పందెం కాయడం, స్వభావదోషం కాదనీ, ఎంత తరచుగా చెయ్యాలో లెక్కగట్టవలసిన అవసరమనీ ఆయన చూపించాడు. ఆ అవసరం దుకాణాలలోనూ దౌత్యంలోనూ కూడా ఉన్నదని మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో పెద్ద పుస్తకం రాశాడు.

కాబట్టి నా విద్యార్థి చదివినది నిజమైన చదువే. అతను ఇక్కడిదాకా వచ్చి ఆగితే నాకు తగవు లేదు.

కాని ఆట ఇక్కడ ఆగదు. మూడో పాఠం ఉన్నది. దాన్ని పోకరు పాఠాలు చెప్పేవాళ్ళు దాచుకోరు, గర్వంగానే చెబుతారు: బల్ల ఎంచుకో. నువ్వు ప్రపంచంలో పదో ఆటగాడివి అయివుండి, నీకంటె గొప్పవాళ్ళు తొమ్మిదిమంది ఉన్న బల్ల దగ్గర కూర్చుంటే నువ్వు ఓడిపోతావు. నువ్వు నడితరం ఆటగాడివే అయినా, నీకన్న అధములున్న బల్ల వెతుక్కుంటే బతుకుతావు. అంతేకాదు, దొరికిన అధముణ్ణి నొప్పించవద్దు, ఎగతాళి చెయ్యవద్దు, అతనికి పాఠాలు అసలే చెప్పవద్దు. లేచిపోయాడంటే నష్టం నీకే. నవ్వుతూ మాట్లాడి కూర్చోబెట్టుకో. ఇంగ్లీషులో వాళ్ళకు "చేపలు" అని పేరు.

మొదటి రెండు పాఠాలూ ఎంత చక్కనివో ఈ మూడోది అంత వికారంగా ఉన్నది. ఇది వాటికి అతికించిన అతుకు కూడా కాదు. డబ్బు పెట్టి ఆడే ఆటలో మొదటి రెండిటికీ ఫలం చేతికొచ్చేది ఈ మూడోదాని ద్వారానే. ఆరుగురు ఒకే లెక్క తెలిసినవాళ్ళు కూర్చుంటే డబ్బు గుండ్రంగా తిరుగుతుందే తప్ప ఎవడికీ మిగలదు. తేడా ఉండాలి. తెలిసినవాడి తెలివి కన్న తెలియనివాడి తెలియనితనమే ఇక్కడ ముడిసరుకు.

చదరంగంతో పోల్చి చూడండి. అందులోనూ ఒకడు గెలిస్తే ఒకడు ఓడతాడు. 1970 నుంచి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య వాడుతున్న ఎలో లెక్క ప్రకారం తనకన్న తక్కువవాణ్ణి ఓడిస్తే వచ్చే పాయింట్లు అత్యల్పం, తనకన్న గొప్పవాణ్ణి ఓడిస్తే చాలా వస్తాయి. అందుచేత చదరంగం నేర్చిన పిల్లవాడు తనకన్న బాగా ఆడేవాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. పోకరు నేర్చిన పిల్లవాడు తనకన్న చెడ్డగా ఆడేవాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. డబ్బు తీసేసి చింతగింజలు పెట్టి అదే పోకరు ఆడించండి, వారం తిరక్కుండా వాడూ మంచి ఆటగాడి కోసమే వెతుకుతాడు, చేతగానివాడితో ఆడడం విసుగు గనక. నేర్పును పైకి నడిపించవలసినదాన్ని పందెం కిందికి నడిపిస్తున్నది. పేరు కోసం, పౌరుషం కోసం గట్టివాళ్ళతోనే తలపడే పోకరు ఆటగాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళను నేను కాదనను. కాని వాళ్ళు ఆ పని చేసేటప్పుడు లాభం సంగతి పక్కన పెట్టే చేస్తున్నారు.

"అవతలివాడు ఒప్పుకునే కూర్చున్నాడు గదా" అంటాడు నా విద్యార్థి. ఇది కొత్త వాదన అనుకుంటున్నాడు పాపం. సంస్కృత భారతం సభాపర్వంలో శకుని ఈ వాదనను పూర్తిగా చేసేశాడు. జూదంలో మోసం తగదని ధర్మరాజు అంటే శకుని ఏమంటాడు? చదువుకున్నవాడు చదువులేనివాడి మీదికి గెలవాలనే పోతాడు, దాన్ని ఎవరూ మోసమనరు. అస్త్రం తెలిసినవాడు తెలియనివాడి మీదికీ, బలవంతుడు దుర్బలుడి మీదికీ అట్లాగే పోతాడు. అన్ని పోటీలూ ఇంతే. నీకు భయమైతే లేచిపో. డబ్బాట వ్యాపారుల తరఫున ఎంత పెద్ద న్యాయవాది వాదించినా దీనికి ఒక్క ముక్క అదనంగా చెప్పలేడు. నేర్పు వాదన ఇందులోనే ఉన్నది, సమ్మతి వాదన ఇందులోనే ఉన్నది. ధర్మరాజు లేచిపోలేకపోయాడు. పిలిస్తే వెనుదీయడం క్షత్రియుడికి తలవంపు. అంటే అతని సమ్మతిని అతని కులధర్మం ముందే రాసిపెట్టింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టరు కాగితం మీద సంతకం పెట్టే కార్మికుడూ ఒప్పుకునే పెడతాడు. సమ్మతి అనేది ఎక్కడ నుంచి వచ్చిందని అడగకుండా సమ్మతి ఉన్నది గదా అని ఊరుకోవడం మన పద్ధతి కాదు.

భారతం ఇంతటితో ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. అరణ్యపర్వంలో నలుడు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఒక్క చూపులో లెక్కగట్టే విద్య అది. ఆ కాలపు పాచికలు తాండ్రకాయలే. బదులుగా నలుడు ఇచ్చేది గుర్రాలు తోలే విద్య. పనికివచ్చే నేర్పునిచ్చి పందెపు నేర్పు కొనుక్కున్నాడన్న మాట. ఆ నేర్పుతో పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం తిరిగి తీసుకుంటాడు. ఆపైన ఓడినవాడి సర్వస్వం తనదై ఉండగా అతని వాటా అతనికి ఇచ్చి పంపేస్తాడు. నేర్పుతో గెలిచినదంతా ఉంచుకోవడం ఆ కథకుడికి సయించలేదని నాకు అనిపిస్తుంది. ఇక ఆ కథ విన్న ధర్మరాజు కూడా బృహదశ్వుడి దగ్గర అదే విద్య నేర్చుకున్నాడు. ఆట బాగుచేసుకున్నాడు. దానితో అతనికి దొరికినదేమిటి? విరాటుడి కొలువులో రాజుతో జూదమాడే ఉద్యోగం. చివరికి ఆ విరాటుడే కోపం వచ్చి పాచికతో ముఖాన కొడితే ముక్కున రక్తం కారింది. నేర్పు వచ్చింది గాని బల్ల మాత్రం మరొకడిదే.

బల్ల ఎవరిది? ఇప్పుడు 1967 తీర్పులో నేను దాటవేసిన వాక్యానికి వస్తాను. రమ్మీ నేర్పుతో ఆడే ఆటేనని చెప్పిన ఆ న్యాయమూర్తే, ఇంటి యజమానిగాని క్లబ్బుగాని డబ్బుతో ఆడే ఆట నుంచి లాభం తీస్తున్నట్టు సాక్ష్యముంటే నేరం రుజువు కావచ్చునని కూడా అన్నాడు. క్రెసెంట్ క్లబ్బువాళ్ళు వసూలు చేసినది కుర్చీలకూ పేకకూ దీపాలకూ సరిపడే రుసుమేనని తేలింది గనక వదిలిపెట్టాడు. అరవై ఏళ్ళుగా అందరూ వల్లించినది మొదటి సగం. రెండో సగాన్ని ఎక్కువమంది తలచుకోలేదు. ఎందుకు తలచుకుంటారు? వ్యాపారమంతా ఆ రెండో సగంలోనే ఉన్నది.

లెక్క వేసి చూద్దాం. ఆరుగురు తలా 100 వేస్తారు, సంస్థ నూటికి పది తీసుకుంటుందనుకుందాం. గెలిచినవాడికి 540, సంస్థకు 60. పది ఆటలు ముగిసేసరికి సంస్థకు 600 వచ్చాయి. అంటే ఆరుగురూ సమానమైన నేర్పు కలవాళ్ళయితే ఒక్కొక్కడూ సగటున 100 పోగొట్టుకున్నాడు. నేర్పరి నష్టం లేకుండా బయటపడాలన్నా మిగతా అయిదుగురి దగ్గర ఆ రుసుముకు సరిపడా ముందు లాక్కోవాలి. నేర్పరి తాను బల్లకు రాజుననుకుంటాడు. నిజానికి అతను కమీషన్ మీద పనిచేసే వసూలుదారు.

ఫోను వచ్చిన తరవాత ఈ బల్ల ఎంత పొడుగు సాగిందో వేరే చెప్పనక్కరలేదు. జీడిమెట్ల నుంచి కూకట్‌పల్లి దాటి కొంచెం పోతే హైటెక్ సిటీ. మూడు షిఫ్టుల జీడిమెట్ల మందులూ రసాయనాలూ పోత సామానూ తయారుచేస్తే, అటువైపు కోడు తయారవుతుంది. దేశంలో డబ్బు రమ్మీని ఫోనులోకి తెచ్చిన తొలి సంస్థలలో ఒకటి హైదరాబాదులోనే పుట్టింది. 1974 నాటి మన గేమింగు చట్టం నేర్పు ఆటలకు మినహాయింపు ఇచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ మినహాయింపు తీసేసి, ఆన్‌లైన్ డబ్బాటలను కూడా నిషేధంలోకి తెచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. కాని కేంద్రం 2023 అక్టోబరు నుంచి ఈ ఆటలలో వేసే సొమ్ము మీద నూటికి 28 పన్ను వేసి తానూ కిట్టీలో వాటా తీసుకున్నది. ఆపైన 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పయినా అదృష్టమయినా ఒకటేనంటూ ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. పెద్ద సంస్థలు వెంటనే డబ్బాటలు ఆపాయి, కోర్టులకూ పోయాయి. రెండేళ్ళ కింద పన్నుకు పనికివచ్చిన ఆట రెండేళ్ళ తరవాత పాపమెట్లా అయిందో ఢిల్లీవాళ్ళే చెప్పాలి.

నేను ఈ నిషేధాన్ని వ్యతిరేకించను. అయితే దానితో పని అయిపోయిందని కూడా అనుకోను. మా గోష్ఠికి వచ్చే ఒక టర్నరు సంగతి చెబుతాను. లేతు మీద ఇనుపకడ్డీని వెంట్రుకలో పదోవంతు తేడా లేకుండా తీస్తాడు. ఆ పనిలో ఇరవై ఏళ్ళ నేర్పు ఉన్నది. ఆ నేర్పు వల్ల ఎవడి జేబూ ఖాళీ కాలేదు, లోకంలో ఒక వస్తువు పెరిగింది. పక్క లేతు మీద కొత్తగా చేరిన కుర్రవాడు నేర్చుకుంటే ఇతనికి నష్టం లేదు, చేతికింద పని తేలిక. ఇట్లాటివాడు ఒక ఏడాది పాటు రాత్రి షిఫ్టు విరామంలో ఫోనులో రమ్మీ ఆడి, చీటీ పాడుకున్న డబ్బూ, ఆపైన అప్పు తెచ్చినదీ పోగొట్టుకున్నాడు. ఆశకు పోయావా అని అడిగాను. "డబ్బు ఆశ కొంత ఉన్నది సార్. కాని అది కాదు. షాపులో ఏ డ్రాయింగు ఇస్తే అదే తియ్యాలె, ఏ షిఫ్టు అంటే ఆ షిఫ్టు. ఆటలో ముక్క పట్టేదీ వదిలేదీ నేనే గదా" అన్నాడు.

దీని మీద నేను చాలా రోజులు ఆలోచించాను. తన నేర్పు మీద తనకే అధికారం లేని మనిషికి, నిర్ణయం చేసే సుఖాన్ని పదమూడు ముక్కల్లో పెట్టి అమ్మారు. ఇది మత్తుమందు అమ్మడం కన్న సూక్ష్మమైన వ్యాపారం. మూడుముక్కలాటలో పోగొట్టుకున్నవాడు కర్మ అనుకుని లేస్తాడు. నేర్పు ఆటలో పోగొట్టుకున్నవాడు "నాకు ఇంకా నేర్పు చాలలేదు" అనుకుంటాడు, అనుకుని నేర్చుకోవడానికి మళ్ళీ కూర్చుంటాడు. మా టర్నరు అచ్చంగా ఆ మాటే అన్నాడు. ఓటమికి కారణం బల్లలో ఉన్నదని అతనికి తట్టలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం ఊడిన కుర్రవాడికి చెప్పేదీ ఈ మాటే గదా: నీ నైపుణ్యం చాలలేదు, పెంచుకో. ఉన్నవి పది కుర్చీలయినప్పుడు నూరుమందీ నైపుణ్యం పెంచుకున్నా తొంభైమంది నిలబడే ఉంటారని ఎవరూ చెప్పరు.

నిషేధం చాలదని నేను అనడానికి ఇంకో కారణం ఉన్నది. సెబీవారు 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం ప్రచురించారు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో షేరుమార్కెట్టు ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరంలో దిగిన కోటిమందికి పైగా సామాన్యులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అక్కడా మొదటి రెండు పాఠాలు నేర్పే బడులున్నాయి, అక్కడా తేడాయే ముడిసరుకు, అక్కడా రుసుము తీసుకునేవాడికి మాత్రం ఓటమి లేదు. అది నిషేధంలోకి రాలేదు. జీడిమెట్లలో రమ్మీ ఆడిన కార్మికుడు వ్యసనపరుడు. గచ్చిబౌలిలో ఆప్షన్లు ఆడిన ఉద్యోగి మదుపుదారు. ఒకరిది జూదమూ రెండోదానిది నేర్పూ అని పేర్లు పెట్టే పని కూడా బల్ల యజమానుల చేతిలోనే ఉన్నది.

నా విద్యార్థికి నేను ఈ లెక్కలన్నీ చూపించాను. అతను ఒప్పుకున్నది ఒప్పుకున్నాడు, ఒక్కచోట మాత్రం పట్టుబట్టాడు. చదరంగంలో మంచి ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి, తనలాంటివాడికి ఈ లెక్కల తెలివికి జీతమిచ్చేవాడు ఇంకెవడున్నాడు అని అడిగాడు. చదువు ముగించి పద్ధెనిమిది నెలలుగా పని వెతుకుతున్నవాడు అడిగిన ప్రశ్న ఇది. నీతి చెప్పేవాళ్ళు దీన్ని కూడా తమ లెక్కలో వేసుకోవాలి. ప్రస్తుతానికి అతనూ టర్నరూ కలిసి మా గోష్ఠిలో ఆదివారాలు కుర్రకార్మికులకు సంభావ్యత చెబుతున్నారు, పేక ముక్కలతోనే. కనిపించని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9 అని మొదలుపెడతారు. పక్కన పలక మీద సంస్థ రుసుముకు విడిగా ఒక గడి గీస్తారు.